అమ్మవారికి పదవీ విరమణ

సహకార శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తుంటారు. పెద్దవాణ్ణి గదా, సర్వీసులో మరిచిపోలేని సంగతి ఏదైనా చెప్పమంటారు. ఏ దొంగ సంఘాన్నో పట్టుకున్న కథ చెబుతానని వాళ్ల ఆశ. నాకు గుర్తున్నది అది కాదు. నేను ఒక అమ్మవారిని సర్కారు జీతం మీద ఉద్యోగంలో పెట్టాను. తరవాత ఆమెను రిటైరు చేస్తుంటే చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాను. మొదటి మాట వినగానే పిల్లలు నవ్వుతారు. రెండో మాట చెప్పబోయేసరికి బస్సు వేళయిందని లేస్తారు. వాళ్లను తప్పుబట్టను. నవ్వు వచ్చినంతవరకే వినడం నాకూ అలవాటే. అందుకే ఆ మిగిలిన భాగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

యుద్ధం జరుగుతున్న రోజులవి. నన్ను గురజాలలో ఇన్‌స్పెక్టరుగా వేశారు. వయసులో ఉన్నాను, ఇంగ్లీషు బాగా రాస్తానని పేరు. ఆ పేరే నా కొంప ముంచిందని ఇప్పుడు అనుకుంటాను. బాగా రాయగలిగినవాడికి తాను రాసిందంతా నిజమనిపిస్తుంది.

పై నుంచి ఒక పథకం దిగింది. వాగులకు నీళ్లిచ్చే కొండలమీద అడవిని ఊరివాళ్లే సంఘం కట్టుకుని కాపాడుకుంటే, ఆ సంఘానికి సర్కారు ఏటా గ్రాంటు ఇస్తుంది. మంచి పథకం. ఇప్పటికీ మంచిదనే అంటాను. తాలూకా మొత్తంలో మొదటి సంఘం నా చేతిమీదుగా రిజిస్టరు కావాలని నాకు పట్టుదల పుట్టింది. దానికి తగిన ఊరు వెతుక్కుంటూ బయలుదేరాను.

పెట్రోలు దొరక్క అప్పుడు బస్సుల వెనక పెద్ద డ్రమ్ము తగిలించి, అందులో కట్టెబొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో నడిపేవారు. మిట్ట వస్తే జనం దిగి నెట్టాలి. నేనూ దిగి నెట్టాను. అడవిని నరకొద్దని చెప్పడానికి పోతున్నవాణ్ణి, అడవిని తిని నడిచే బండిని నెట్టుకుంటూ పోయాను. ఆ సంగతి అప్పుడు తట్టలేదు. మసి అంటిన చొక్కా గురించే బాధపడ్డాను.

నేను ఎంచుకున్న ఊరు మాచర్ల దారిలో, రోడ్డు దిగి బండిబాటన కొంత దూరం పోతే వస్తుంది. పేరు చెప్పను. గోడలూ నాపరాళ్లే, కప్పులూ నాపరాళ్లే. ఎండాకాలం ఊరంతా పెనంలా కాలేది. పడమట కొండ. దానిమీద చండ్ర, సోమి, నారేపి చెట్లు, కింద కలివి పొదలు. ఊళ్లో బావులన్నీ ఉప్పు. కొండ తాగిన వాన మెల్లగా వాగులోకి ఊరుతుంది. వాగు ఎండినా ఇసుకలో చెలమ తవ్వితే తియ్యటి నీళ్లు వస్తాయి. కొండ పచ్చగా ఉంటేనే ఆ ఊళ్లో కుండ నిండేది.

ఆ కొండకు అప్పటికే కాపలా ఉంది. పైన ఒక బండ కింద అమ్మవారు ఉండేది, పసుపు పూసిన రాయి. ఆమెకు పూజ చేసేది ఒక ముసలమ్మ, ఊరంతా అవ్వ అనేవారు. తొలకరికి ముందు ఒక రోజు అవ్వ అమ్మవారి ఘటాన్ని, అంటే వేపమండలు కట్టిన కుండను, నెత్తిన పెట్టుకుని డప్పులతో కొండ చుట్టూ తిరిగేది. ఆ రోజుతో ఏడాదికి కట్టు పడినట్టు. ఎండుపుల్ల ఏరుకోవచ్చు, పచ్చి చెట్టుమీద గొడ్డలి వెయ్యకూడదు. వేసినవాడు నీళ్లు మోయాలి. ఊరివాడు వేస్తే క్రైస్తవుల పేటలో ఇంటింటికీ కుండలు నింపాలి. పేటవాడు వేస్తే ఊళ్లో పశువుల తొట్లన్నీ నింపాలి. ఊరివాడు పేటకు మనుషుల నీళ్లు, పేటవాడు ఊరికి గొడ్ల నీళ్లు. ఆ తేడాలో ఉన్న అన్యాయం నాకు ఇప్పుడు కనిపిస్తున్నంత స్పష్టంగా అప్పుడు కనిపించలేదు. కానీ కట్టు మాత్రం పనిచేసింది. కడవ భుజాన పెట్టుకుని పేటలో తిరగాల్సి వస్తుందన్న భయంతో కామందులెవరూ గొడ్డలి ఎత్తలేదు. అలా మోసిన కామందును ఊళ్లో ఎవరూ చూడలేదు కూడా. పేటవాళ్లకు అమ్మవారితో పని లేకపోయినా, అదే రోజున చెట్టు కింద చేరి ప్రార్థన చేసి అదే మాట ఇచ్చుకునేవారు.

ఇదంతా నాకు మొదటి రోజే చెప్పారు. విన్నాను, బాగుందన్నాను. తరవాత సంచీలోంచి పథకం కాగితాలు తీశాను.

సంఘం ఏర్పడింది. ఊరి పెద్దరైతు ప్రెసిడెంటు అయ్యారు. పేటలోని మిషన్ బడి మాస్టారు సెక్రటరీ. గ్రాంటు రావాలంటే ఒక షరతు ఉంది: జీతం తీసుకునే కాపలాదారు ఉండి తీరాలి. ప్రెసిడెంటు గారికి ఖాళీగా ఉన్న బావమరిది ఒకడు ఉండనే ఉన్నాడు. అతనికి ఖాకీ దుస్తులు, ఒక ఈల వచ్చాయి. కొండ కింద అతన్ని నిలబెట్టి నేను ఇంగ్లీషులో ఒక నివేదిక రాశాను. చదివినవాళ్లకు కళ్లు చెమర్చేలా రాశాను.

మరుసటి తొలకరికి ముందు ఘటం బయటికి రాలేదు. ఏమైందని అవ్వను అడిగాను. ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది, తల ఎత్తలేదు.

"సర్కారు జీతగాణ్ణి పెట్టుకుంది గదయ్యా. ఇంక అమ్మకేం పని? ఇద్దరు కాపలా ఉంటే ఎవురూ కాయరు."

ఆమె అన్నట్టే అయింది. నీళ్లు మోసే శిక్ష పోయింది, దాని స్థానంలో నా నిబంధనల ప్రకారం జుల్మానా వచ్చింది. జుల్మానా అంటే ఊరివాళ్లకు చెట్టు ధర అని అర్థమైంది. కట్టెబొగ్గుకు బస్సులవాళ్లు ఇచ్చేదానితో పోలిస్తే అది చవక. బావమరిది మంచివాడు, ఎవరినీ నొప్పించేవాడు కాదు. కొండెక్కే ముందు కిందనుంచే గట్టిగా ఈల ఊదేవాడు. వినబడినవాళ్లు తప్పుకునేవారు. ఒకసారి ఈల పోగొట్టుకుంటే, చెట్లు కొట్టేవాళ్లే వెతికి తెచ్చి ఇచ్చారు. అది లేకపోతే అతను ఎప్పుడు వస్తాడో తెలియక ఇబ్బంది పడతామన్నారట.

కాపలా ఉన్న ఏడాదిలో కొండకు జరిగిన నష్టం, కాపలా లేని రోజుల్లో ఎన్నడూ జరగలేదు. నేను చేయవలసింది ఒక్కటే. గ్రాంటు వాపసు చేసి, మీ పద్ధతే బాగుంది, మళ్లీ ఘటం ఎత్తుకోండి అని దణ్ణం పెట్టి రావాలి. అలా చేస్తే తాలూకాలో మొదటి సంఘం మూతపడినట్టు లెక్క. అది నా ఫైలులో ఉంటుంది. అందుకని తెలివిగా ఆలోచించాను.

సంఘం సమావేశం బడిలో పెట్టించాను. బావమరిదిని తీసేసి అమ్మవారినే కాపలాదారుగా వేద్దామన్నాను. షరతు ప్రకారం జీతం తీసుకునేవాళ్లు ఉండాలి, అంతే. మనిషై ఉండాలని ఎక్కడా లేదు. జీతం అవ్వ తీసుకుని దీపానికి, నైవేద్యానికి వాడుతుంది. కట్టు పాతదే. నీళ్లు మోయడం కూడా పాతదే.

ప్రెసిడెంటు గారు మీసం సవరించుకున్నారు.

"నా బావమరిదిని తీసి అమ్మోరిని పెడితే నాకేం నామోషీ లేదు ఇనస్పెట్రు గారూ. ఇంకెవుర్ని పెట్టినా ఊరుకునేవాణ్ణి కాదు."

మాస్టారు లేచి నిలబడ్డారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు, మాట మెల్లగా ఉండేది. సంఘంలో సగం వాటాలు పేటవాళ్లవి. వాళ్ల వాటాధనం ఉన్న సంఘం ఇంకొకరి దేవతకు జీతం ఇస్తే సభ్యులకు ఏమని చెప్పుకోవాలన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఊరివాళ్లు గొణిగారు. పేటవాళ్లు బెంచీలమీద సర్దుకుని కూర్చున్నారు. ఇంక సమావేశం చెడిందనుకున్నాను. మాస్టారే మళ్లీ గొంతు సవరించుకున్నారు.

"కాపలాదారుకు వారానికో సెలవు ఉండాలి గదండీ రూలు ప్రకారం?"

ఉండాలన్నాను.

"ఆమెకు ఆదివారం సెలవు ఇవ్వండి. ఆ రోజు కొండను మేం కాస్తాం. జీతం వద్దు."

అవ్వ మూలనుంచి ఒప్పుకోలేదు. అమ్మకు సెలవులేంది, ఎన్నడన్నా పెట్టిందా అంది. పేటవాళ్లలో ఒక ఆమె, "అట్టా ఎప్పుడూ పనేనా ఏందత్తా, ఒకనాడన్నా కూకోనీ" అంది. అవ్వకు ఆ మాట నచ్చింది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. దేశమంతా మతాల పేరిట కొట్టుకునే రోజులు తరుముకొస్తున్న కాలంలో, ఒక హిందూ దేవతకు ఆదివారం సెలవు మంజూరు చేసిన ఊరు అది.

తరవాత ఆరేడు నెలలు నా ఉద్యోగ జీవితంలోకెల్లా హాయిగా గడిచాయి. గొడ్డలి చప్పుడు ఆగింది. ఆదివారం పేటవాళ్లు ప్రార్థన అయ్యాక పిల్లాపాపలతో కొండ చుట్టూ తిరిగి వచ్చేవారు. మిగిలిన రోజుల్లో అమ్మవారు ఉన్నచోటే ఉండి చూసుకునేది. అవ్వతోనే కాస్త తిప్పలు. జీతం ముట్టగానే ఆమెకు ఉద్యోగుల హక్కులన్నీ తెలిసిపోయాయి. యుద్ధం వల్ల ధరలు పెరిగాయని ఉద్యోగులకు కరువు భత్యం ఇస్తున్నారట, అమ్మకేదీ అని అడిగింది. అమ్మవారు తినరు గదా అంటే, నువ్విచ్చే జీతంతో పెట్టే నైవేద్యం ఎవరు తింటున్నారో చూద్దువుగాని రా అంది. దుస్తుల విషయంలో అసలు వదల్లేదు. బట్ట దొరకని రోజులు. కాపలాదారుకు ఏటా ఖాకీ గుడ్డ మంజూరవుతుంది, అది రావలసిందే అంది. తెప్పించాను. నేను మళ్లీ కొండెక్కినప్పుడు పసుపు రాయికి ఖాకీ చుట్టి, మెడలో దండకు బదులు ఈల వేలాడదీసి ఉంది. నవ్వబోయి ఆగాను. నాకు తెలియకుండానే చెప్పులు విడిచేసి ఉన్నాను.

ఆ సంఘం గురించి కూడా ఇంగ్లీషులో నివేదిక రాశాను. కాపలాదారు నిజాయితీపరురాలనీ, స్థానికురాలనీ, పని చేసే చోటనే నివాసమనీ, లంచం ఎరగదనీ రాశాను. ప్రతి మాటా నిజమే. అసలు సంగతి మాత్రం రాయలేదు. ఆ నివేదిక పైవాళ్లకు ఎంత నచ్చిందంటే, అంత మంచి ఉద్యోగిని చూడాలని గుంటూరు నుంచి ఆడిట్ అధికారి బయలుదేరి వచ్చారు.

ఆయన లావుపాటి మనిషి. నుదుట విభూతి, చేతిలో నిబంధనల పుస్తకం, వెంట బంట్రోతు మోసే నీళ్ల కూజా. చెడ్డవాడని చెప్పలేను. చెడ్డవాడైతే తప్పంతా ఆయనమీదికి నెట్టడానికి నాకు ఈ కథలో కాస్త చోటు దొరికేది. వస్తూనే కాపలాదారును పిలవమన్నారు. ఆమె రాలేదండీ, మనమే వెళ్లాలి అన్నాను. కింది ఉద్యోగి దగ్గరికి పై అధికారి వెళ్లడమేమిటని ముఖం చిట్లించారు. అయినా కొండెక్కారు. బండ కిందికి వంగి చూశారు. ఖాకీ చూశారు, ఈల చూశారు. పుస్తకం బంట్రోతుకిచ్చి రెండు చేతులూ జోడించారు. లెంపలు వేసుకున్నారు. తరవాత పుస్తకం మళ్లీ తీసుకుని నా వంక తిరిగారు.

"ఈమె గస్తీ తిరుగుతుందా?"

తిరుగుతుందండి అనేశాను. అవ్వ అందుకుంది. తిరగకేం, ఇప్పుడే చూపిస్తా అంది. చూడాల్సిందేనని ఆయనా అన్నారు. గస్తీ చూడనిదే ఆడిట్ పూర్తి కాదట.

అలా ఆ రోజు, వేళ కాని వేళ, నడి ఎండలో ఘటం లేచింది. డప్పులు వచ్చాయి. ఊరు వచ్చింది. వారం మధ్య అయినా పేటవాళ్లు కూడా వచ్చారు, సంఘం పరువు అందరిదీ గదా. ఘటం వెనక నడిచేవాళ్లు చెప్పులు వేసుకోకూడదు, ఘటం దిగేదాకా కూర్చోకూడదు. ఆ ముక్క అధికారికి చెప్పారు. ఆయన బూట్లు విప్పారు. కాలిన నాపరాళ్లమీద ఆ మనిషి కాళ్లు పడుతుంటే చూడలేకపోయాను. సగం దూరం పోయేసరికి ఆయన పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్నారు, ఎండకు. ముందు అవ్వ నెత్తిన ఘటం, వెనక ఆయన నెత్తిన నిబంధనలు. పక్కనుంచి మాస్టారు తన గొడుగు ఆయనకు పట్టారు. ప్రెసిడెంటు గారు నా చెవిలో, ఈయన్నే కాపలాకు పెడితే పోలా అన్నారు. నవ్వు ఆపుకోవడానికి పంచె కొంగు నోట్లో కుక్కుకున్నాను.

చుట్టూ తిరిగి వాగు దగ్గరికి వచ్చాక ఘటం దించారు. కూజా ఎప్పుడో ఖాళీ అయింది. పేట ఆడవాళ్లు చెలమలో నీళ్లు ముంచి తెచ్చారు. ఆయన ఎవరి చేతివి అని అడగలేదు, చెంబు ఎత్తి గటగటా తాగారు. చెట్టు కింద చతికిలబడి చాలాసేపు కొండకేసి చూశారు.

"కాపలా భేషుగ్గా ఉందయ్యా. ఇంత పచ్చటి కొండ నేను జిల్లాలో చూడలేదు" అన్నారు.

ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ఆయన మాత్రం నన్ను పక్కకు పిలిచారు. గొంతు తగ్గించారు. "నాకు దేవుడంటే భక్తి. ఆడిట్ అంటే భయం. నా మీద కూడా ఒకడు ఉన్నాడు. రేపు వాడు అడిగితే ఏం చెప్పను? ఈమెను తీసెయ్యాలంటే తప్పు చేసి ఉండాలి. ఏ తప్పూ లేదు. తప్పు లేని ఉద్యోగిని మర్యాదగా పంపే దారి ఏదైనా ఉందా?"

ఆయనకే తట్టింది. అవ్వ వైపు తిరిగి, అమ్మవారి వయసెంత అని అడిగారు. అవ్వ గర్వంగా నిలబడింది.

"మా తాతలకి తాతల నాటి నుంచి ఉందయ్యా. ఈ కొండకంటే పెద్దదని అంటారు."

ఆయన ముఖం విచ్చుకుంది. నిబంధన ప్రకారం యాభై అయిదు నిండినవాళ్లు ఉద్యోగంలో కొనసాగకూడదు. ఇది శిక్ష కాదు, గౌరవంగా విరమణ. ఆయన నిజంగానే సంతోషించారు, తనకూ దేవతకూ ఇద్దరికీ మర్యాద దక్కిందని. ఉత్తర్వు రాసే ముందు నా వైపు చూశారు. "మీ సంఘం. మీరేమంటారు?"

ఆ ఒక్క క్షణం నాది. అయ్యా, గ్రాంటు ఆపెయ్యండి, ఆమెను మాత్రం తీసేసినట్టు రాయకండి, ఈ ఊళ్లో కాగితానికి ఎంత బలం ఉందో మీకు తెలియదు, నేను వచ్చి ఒకసారి చెడగొట్టాను అని చెప్పవలసింది. ఆయన వినేవారే. అంతదూరం ఉత్తకాళ్లతో నడిచిన మనిషి ఆ మాట వినకపోడు. కానీ ఆ నెలలోనే ప్రమోషన్ల జాబితా తయారవుతోంది. నా పేరు అందులో ఉందని విన్నాను. అవ్వ నా వంకే చూస్తోంది. మాస్టారు గొడుగు మడుస్తున్నారు.

"రూలు రూలేనండి" అన్నాను.

ఆయన ఉత్తర్వు రాసి, కొండెక్కి, కొబ్బరికాయ కొట్టి, క్షమించు తల్లీ అని ఆ కాగితాన్ని అమ్మవారి ముందు పెట్టి వచ్చారు. అమ్మవారి సేవలకు సర్కారు తరఫున కృతజ్ఞతలు తెలిపే వాక్యం కూడా రాశారు. ఆ వాక్యం ఇంగ్లీషు సరిచేసింది నేనే.

నిబంధన ప్రకారం ఉత్తర్వును దండోరా వేయించాలి. వేయించాను. కొండమీది అమ్మవారిని కాపలా పని నుంచి తప్పించడమైనదహో అని వెట్టివాడు డప్పు కొట్టి ఊరంతా చెప్పాడు. అమ్మవారు తనంతట తాను అలిగి వెళ్లలేదు, సర్కారు తీసేసింది. ఊళ్లో దాని అర్థం అదే. మర్నాటి ఉదయమే కొండమీద గొడ్డలి చప్పుడు వినిపించిందని మాస్టారు కబురు పంపారు. ప్రెసిడెంటు గారి మనుషులే మొదలుపెట్టారట. తీసేసిన ఉద్యోగి మాట ఎవరు వింటారని అన్నారట. తూర్పు వాలులో బొగ్గు బట్టీలు లేచాయి. బావమరిదికి మళ్లీ కొత్త ఈల వచ్చింది.

పేటవాళ్లు ఆదివారం కాపలా మానలేదు. వారంలో ఒక రోజు కాసిన కొండను మిగతా రోజుల్లో కొట్టేవారు. ఒక ఆదివారం మాస్టారిని నెట్టేశారని, కళ్లజోడు పగిలిందని తెలిసింది. నాకు ప్రమోషన్ రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. వచ్చి ఉంటే బహుశా ఈ కథ మీకు చెప్పేవాణ్ణి కాదు.

అవ్వ గురజాల వచ్చింది, బొగ్గు బస్సెక్కి. ఆఫీసు గుమ్మం దగ్గర కూర్చుంది. కాగితంతో తీసేశారు గనుక కాగితంతోనే మళ్లీ పెట్టాలంది. ఒట్టి మాట చెబితే ఊళ్లో నమ్మరంది. జీతం అక్కర్లేదు, గుడ్డ అక్కర్లేదు, ఈల కూడా ఇచ్చేస్తానంది. పైకి రాస్తాను, జవాబు రాగానే కబురు చేస్తానన్నాను. రాశాను కూడా. జవాబు రాలేదు. ఆమె మళ్లీ వచ్చింది. జవాబు రాలేదన్నాను. ఇంకోసారి వచ్చింది. ఆమె గుమ్మంలో కనబడగానే వెనక తలుపు నుంచి వెళ్లిపోవడం నేర్చుకున్నాను. పై అధికారి లేకుండా ఏదీ చేయలేననడం అబద్ధం కాదు. కానీ ఆ నిజం వెనక నేను దాక్కున్నాను.

ఎండాకాలం ముదిరాక వేరే పనిమీద ఆ దారిన పోతూ వాగు దగ్గర ఆగాను. చెలమను మనిషి లోతున తవ్వారు. లోపల ఒక ఆమె కూర్చుని కొబ్బరిచిప్పతో నీళ్లు గీకుతోంది. పైన ఆడవాళ్లు వరసలో కుండలు పెట్టుకుని కూర్చున్నారు, ఊరివాళ్లూ పేటవాళ్లూ ఒకే వరసలో. నన్ను గుర్తుపట్టారు. తిట్టలేదు. ఒక ముసలామె తన వంతు వదిలి, సగం చిప్ప నీళ్లు నాకు అందించింది, ఎండన పడి వచ్చావు నాయనా అంటూ. ఆ నీళ్లు తాగాను. తాగకుండా ఉండలేకపోయాను, దాహంగా ఉంది. అది ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

తరవాత ఏమైందో ముందే చెప్పేస్తాను. నాకు అధికారం లేకపోయినా అమ్మవారిని తిరిగి పెడుతూ ఉత్తర్వు రాశాను. దండోరా వేయించాను. తూర్పు వాలు అప్పటికే బోడి అయింది, అది మళ్లీ మొలవలేదు. మిగిలిన మూడు వైపులా గొడ్డలి ఆగింది. ప్రెసిడెంటు గారి చిన్న తమ్ముడు ఒకసారి కట్టు దాటి, పంచె ఎగ్గట్టి కడవ భుజాన పెట్టుకుని పేటలో ఇంటింటికీ నీళ్లు పోశాడు. అది చూడడానికి చుట్టుపక్కల ఊళ్ల జనం బండ్లు కట్టుకుని వచ్చారట. నాకు మాత్రం సంజాయిషీ నోటీసు వచ్చింది. ఏ నిబంధన కింద, వయసు మీరిన వ్యక్తిని, జీతం లేకుండా, తిరిగి నియమించావు అని. ఏ నిబంధనా లేదు అని జవాబు రాశాను. నా ఇంగ్లీషులో అంత చిన్న వాక్యం అంతకుముందు ఎన్నడూ రాయలేదు. నన్ను నూజెండ్ల వైపు బదిలీ చేశారు. కష్టమైన శిక్ష ఏమీ కాదు. పిల్లలకు చెప్పేటప్పుడు దాన్ని పెద్ద శిక్షలా చెప్పాలనిపిస్తుంది, ఆపుకుంటాను.

దండోరాకు ముందు ఆ నియామకం ఉత్తర్వు తీసుకుని నేనే ఊరికి వెళ్లాను. అవ్వ వాకిట్లో ఉంది, మాస్టారు పగిలిన అద్దంతోనే ఉన్న కళ్లజోడు పెట్టుకుని వచ్చారు. ఆయన చేత చదివించుకుంది. కొండమీది అమ్మవారిని కాపలా పనిలో తిరిగి నియమించడమైనది, జీతం లేదు, వయసు పరిమితి లేదు, ఆదివారం సెలవు. అవ్వ తల ఆడిస్తూ విన్నది. ఏ రోజు నుంచి అని అడిగింది. ఈ రోజు నుంచే అవ్వా అన్నాను.

ఆమె కాగితం తీసి నా ముందు పెట్టింది.

"తీసేసిన రోజు నుంచి రాయి నాయనా."

"అట్లా రాయకూడదవ్వా. మధ్యలో ఆమె ఉద్యోగంలో లేదు గదా."

"ఉద్యోగంలో లేదేమో. అమ్మ యాడికీ పోలేదు. అన్నీ చూస్తానే ఉంది."

మాస్టారు కలం అందించారు. నేను తేదీ కొట్టేసి, ఆమె చెప్పిన రోజు వేశాను.